గురువుగారి కోమో సరస్సు

ఆయన పోయిన రెండు నెలలకు మన సంఘం పత్రిక ఆయన స్మృతికి ఆరు పేజీలు కేటాయించింది. పదకొండు మంది రాశారు. అందులో ఒకాయన ఆయనతో జీవితంలో ఒకే ఒక్కసారి, అదీ గుడి పార్కింగ్ లాట్‌లో కారు బ్యాటరీ అయిపోయినప్పుడు మాట్లాడారట. ఆ సంగతే అరపేజీ రాశారు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. సంపాదకులకి నేను రెండు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికీ లేదు. ఫోన్ చేస్తే, "ఆ సంచిక అయిపోయిందండీ, మళ్లీ ఎప్పుడైనా చూద్దాం" అన్నారు. ఎవరో ఇస్తానన్న కథ ఇవ్వకపోవడంతో ఆ ఎప్పుడైనా ఇప్పుడు వచ్చింది. అలా దొరికిన చోటైనా సరే, నేను వదులుకోను.

ఆ పదకొండు మందీ ఆయన మితభాషి అని రాశారు. మంచి కెమిస్టు అని, గుడి కట్టేటప్పుడు ప్రతి ఆదివారం వచ్చి ఇటుకలు మోశారని రాశారు. అవన్నీ నిజమే. కోమో సరస్సు గురించి ఒక్కరూ రాయలేదు. రాయలేరు, వాళ్లకి మొత్తం తెలియదు. అది మొదటి నుంచీ తెలిసినవాళ్లం ముగ్గురమే: ఆయన, ఆయన భార్య, నేను. మా ఆవిడని కలిపితే నలుగురం అవుతాం కానీ, ఆవిడ ఆ సరస్సు ఉందని ఏనాడూ నమ్మలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. బతికుండగా నేనెప్పుడూ ఆయన్ని పేరుతో పిలవలేదు. గురువుగారూ అనేవాణ్ణి. "ఏం నేర్పారని గురువుగారు?" అని మా ఆవిడ అడిగేది. మ్యాపు మడవడం నేర్పారు అనేవాణ్ణి. వేళాకోళానికి అన్న మాట కాదది. ఆయన మ్యాపు విప్పితే మళ్లీ కొత్తదానిలా మడతపడేది. ఇంకెవరైనా మడిచి ఇస్తే ఏమీ అనేవారు కాదు. తీసుకుని, పూర్తిగా విప్పి, టేబుల్ మీద అరచేత్తో సాపు చేసి, మొదటి మడత నుంచి మళ్లీ మొదలుపెట్టేవారు. అలా చేస్తున్నంతసేపూ ఎదుటివాడి మొహం చూసేవారు కాదు. ఎదుటివాడికి అదే శిక్ష.

డెబ్బైల చివర్లో మేమిద్దరం న్యూజెర్సీలో పిస్కాటవే దగ్గర ఒకే మందుల కంపెనీలో పనిచేసేవాళ్లం. ఆయన లాబ్‌లో కెమిస్టు. నేను కింద అంతస్తులో పంపులూ బాయిలర్లూ చూసే ఇంజనీర్ని. ఆయన బల్ల పైన గోడకి ఒక క్యాలెండర్ ఉండేది, గాజు సామాను అమ్మే కంపెనీవాళ్లు ఇచ్చింది. మే నెల పేజీలో ఒక సరస్సు, కింద 'కోమో సరస్సు, ఇటలీ' అని. చుట్టూ నిటారుగా కొండలు. ఒడ్డున పసుపు రంగు ఇల్లు, దాని గుమ్మంలోంచి మెట్లు తిన్నగా నీళ్లలోకి దిగుతాయి. జూన్ వచ్చింది, ఆయన పేజీ తిప్పలేదు. పక్క బల్ల మీది అమెరికన్ ఒకతను చూసీ చూసీ తానే తిప్పాడు. మర్నాడు పొద్దున్నకి మళ్లీ మే నెలే ఉంది. డిసెంబరు దాకా ఆ లాబ్‌లో మే నెలే నడిచింది.

ఒకరోజు ఏదో వాల్వు సంగతి చెప్పడానికి పైకి వెళ్లాను. ఆయన నా మాట పూర్తిగా విని, వేలు పైకెత్తి క్యాలెండర్ చూపించి, "ఏమోయ్, ఇక్కడికి వెళదాం. మనం నలుగురం" అన్నారు. అంతవరకూ మాకు పండగలకి కనబడి నమస్కారాలు చెప్పుకునేంత పరిచయమే. ఆ ఒక్క మాటతో నేను ఆయన మనిషినైపోయాను. ఎందుకంటే ఈ దేశానికి వచ్చిన ఏడేళ్లలో నన్ను ఎక్కడికైనా వెళదాం అన్న మొదటి మనిషి ఆయనే. మిగిలినవాళ్లంతా రైడ్ ఇస్తావా అని అడిగినవాళ్లు.

అప్పట్నుంచి మూడేళ్లపాటు ప్రతి శనివారం పొద్దున్న పది గంటలకి వాళ్ల డైనింగ్ టేబుల్ దగ్గర ఉండేవాణ్ణి. ఒక పక్క ఉప్మా, మరో పక్క గ్రాఫ్ పేపరు. నిలువు గీతలు గంటలు, అడ్డ గీతలు ఊళ్లు. నీలం పెన్సిల్ పడవకి, ఆకుపచ్చ పెన్సిల్ రైలుకి, ఎర్ర పెన్సిల్ వీలుకానివాటికి. సరస్సు మధ్యలో మూడు ఊళ్లు ఎదురెదురుగా ఉంటాయి: వరెన్నా, బెల్లాజియో, మెనాజియో. ఆ మూడింటి మధ్య పడవలు తిరుగుతుంటాయి. ఆ పడవల టైంటేబులు ఇటలీ నుంచి తెప్పించుకుని, ఆయన దాన్ని నిత్యపారాయణలా చదివేవారు. "పది నలభై పడవ తప్పిపోతే పదకొండూ పది ఉందోయ్, కంగారేం లేదు" అని నాకు ధైర్యం చెప్పేవారు, మేం అక్కడ రేవులో సంచులతో నిలబడి ఉన్నట్టు. ఆయనకి చూడబోయే చోట్లంటే అంత పట్టింపు లేదు. ఒకచోటి నుంచి ఇంకోచోటికి వేళకి చేరడం ఇష్టం. "సీనరీ ఎక్కడికీ పోదు. పడవ పోతుంది" అనేవారు.

న్యూయార్క్‌లో ఇటాలియన్ కాన్సులేట్‌కి ఫోన్ చేయాలంటే టై కట్టుకునేవారు. ఫోన్‌లో ఎవరికి కనబడుతుందండీ అంటే, "గొంతులో తెలుస్తుంది" అనేవారు. నేను నవ్వాను. తర్వాత ఒకసారి పెద్ద బాసుకి ఫోన్ చేయాల్సి వచ్చినప్పుడు నేనూ కట్టుకున్నాను. ఆయన చెప్పింది నిజమే.

లైబ్రరీ నుంచి ఇటాలియన్ నేర్పే టేపులు తెచ్చారు. టేపులోని ఆమె, మీరు ఎక్కడికి వెళుతున్నారు అని అడిగేది. ఆయన గొంతు సవరించుకునేలోపే వంటింట్లోంచి అక్కయ్యగారు జవాబు చెప్పేసేవారు, పోపు వేస్తూనే. ఆయన భార్యని నేను అక్కయ్యగారూ అనేవాణ్ణి, ఆవిడ నన్ను తమ్ముడూ అనేవారు. ఆయన మూడేళ్లలో పట్టుదలగా నేర్చుకున్నదానికంటే, ఆవిడ వింటూ వింటూ నేర్చుకున్నదే ఎక్కువ. ఆయన ఏదైనా తప్పు పలికితే ఆవిడ లోపల్నుంచే సరిదిద్దేవారు.

"నిన్నెవరు అడిగారే?" అనేవారాయన.

"టేపులో ఆవిడ అడిగింది. మీరు చెప్పేలోపు పడవ వెళ్లిపోయేట్టుంది" అనేవారావిడ.

మా ఆవిడ ఎప్పుడైనా నాతో వచ్చి ఆ గ్రాఫ్ పేపర్ చూసి, "అక్కయ్యా, వీళ్లిద్దరూ దీని మీదే పది సార్లు వెళ్లొచ్చేశారు. మనకి టికెట్లు కొనే పనే లేదు" అనేది. ఇద్దరూ నవ్వుకునేవారు.

ఈ ప్రణాళికలో నా పని ఉత్తరాలు. అది ఆయనే అప్పగించారు. నలుగురం శాకాహారులం. పది రోజులు రొట్టె, జున్ను తిని ఉండలేం. గదితోపాటు కొంచెం వంట చేసుకోనిచ్చే ఇల్లు కావాలి. ఆ సరస్సు చుట్టూ ఉన్న చిన్న చిన్న బస ఇళ్ల చిరునామాలు సంపాదించి పంతొమ్మిది ఉత్తరాలు రాశాను. మిగిలినవాళ్లయితే చిన్న వంట అని రాసి ఊరుకునేవాళ్లు. నేను దాపరికం లేకుండా రాశాను: మా వంటకి వాసన ఉంటుంది, ఆవాలు చిటపటలాడతాయి, ఇంగువ అనేదొకటుంది, అది మీకు కొత్త కావచ్చు. నాలుగు జవాబులు వచ్చాయి. మూడు కుదరదన్నాయి. నాలుగోది వరెన్నా నుంచి. ఒక పెద్దావిడ, ఒంటరిగా ఉంటారు, ఇంగ్లీషు వచ్చు. 'రెండు నుంచి నాలుగు దాకా నేను పడుకుంటాను. ఆ రెండు గంటలూ వంటిల్లు మీది. పొయ్యి వెనక గోడకి నీలం పలకలున్నాయి, ఏం చిందినా తుడిస్తే పోతుంది. ఆవాల చప్పుడుకి నేను లేవను. నా భర్త పడవ నడిపేవాడు, ముప్పై ఏళ్లు ఆ ఇంజను మోతలో నిద్రపోయాను' అని రాశారు.

ఆ ఉత్తరం నేను శనివారం పైకి చదివి వినిపిస్తే గురువుగారు కుర్చీలోంచి లేచి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. తర్వాత ఉత్తరం అడిగి తీసుకుని ఫైల్లో పెట్టుకున్నారు.

ఆవిడకీ నాకూ రెండేళ్లు ఉత్తరాలు నడిచాయి. సరస్సు మీద మంచు గురించి, మోకాళ్ల నొప్పుల గురించి, మా న్యూజెర్సీ చలి గురించి. క్రిస్మస్‌కి కార్డు వచ్చేది. 'మీ వయసులో ఉన్న తమ్ముణ్ణి పోగొట్టుకున్నాను, మీ చేతిరాత అతని చేతిరాతలా ఉంది' అని ఆవిడ ఒకసారి రాశారు. ఈ దేశంలో నాకు అంత పెద్ద మాట ఎవరూ రాయలేదు.

ఇక ఎర్ర పెన్సిల్ సంగతి. అప్పట్లో మన పాస్‌పోర్టు ఏయే దేశాలకి చెల్లుతుందో మన ఇండియన్ కాన్సులేట్‌కి వెళ్లి రాయించుకోవాలి. ఆ పైన ఆ దేశం వీసా. ఆ సరస్సు దగ్గర్నుంచి బస్సెక్కితే గంటలో లుగానో అనే ఊరు వస్తుంది, కానీ అది స్విట్జర్లాండ్. అక్కడ కాలు పెడితే ఇంకో వీసా, తిరిగి ఇటలీలోకి రావడానికి మరో వీసా. అందుకని నాలుగో రోజు లుగానో గడిని ఆయన ఎర్ర పెన్సిల్‌తో అడ్డంగా కొట్టేశారు. కొట్టేస్తూ, "మనది ఇండియన్ పాస్‌పోర్టోయ్. దానికి దాని మర్యాదలుంటాయి" అన్నారు. గర్వంగానే అన్నారు.

ఆ గర్వానికి ఒక కథ ఉంది. ఆ రోజుల్లో మనవాళ్లలో ఒకాయన అమెరికన్ సిటిజన్ అయి, ఇంట్లో పార్టీ ఇచ్చాడు. జెండా రంగుల్లో కేకు. గురువుగారు తినలేదు. ఒక ముక్క ప్లేటులో పెట్టుకుని, నక్షత్రాలున్న చోటు ఫోర్కుతో కదపకుండా సాయంత్రం దాకా మోశారు. తిరిగొస్తూ కార్లో, "ఏమోయ్, వీడికి పాత పాస్‌పోర్టు ఇచ్చేసేటప్పుడు చెయ్యి వణకలేదంటావా?" అన్నారు. నేను అంతకంటే పెద్ద మాటలే అన్నాను. ఆ పార్టీకి వెళ్లినందుకు స్నానం చేయాలన్నాను. ఆయన నవ్వి, "మనిద్దరం మారం. ఒకవేళ మారాల్సొస్తే ఇద్దరం ఒకే రోజు, పక్కపక్కన నిలబడి" అన్నారు. వెనక సీట్లో మా ఇద్దరి భార్యలూ ఉన్నారు. ఇద్దరూ విన్నారు.

వెళ్లాల్సిన మొదటి ఏడాది ఆయన మామగారికి ఆపరేషన్ అన్నారు. రెండో ఏడాది లాబ్‌లో పని ఎక్కువన్నారు. మూడో వేసవిలో, "ఈసారీ కుదిరేట్టు లేదోయ్, డెట్రాయిట్‌లో మా బావమరిది ఇంటికి వెళ్లి రావాలి, రెండు వారాలు" అన్నారు. నాకు బాధ కలిగింది కానీ నమ్మాను. వాళ్ల పెరట్లో గోంగూర మడి ఉండేది. నీళ్లు పోయమన్నారు. రోజూ ఆఫీసు నుంచి తిన్నగా వాళ్లింటికి వెళ్లి, గొట్టం విప్పి, రెండు వారాలు నీళ్లు పోశాను. ఎండ ఎక్కువగా ఉందని రెండు పూటలా పోసిన రోజులున్నాయి. తిరిగొచ్చాక అక్కయ్యగారు గోంగూర కోసి మాకు ఒక సంచీ పంపించారు. మేం పచ్చడి చేసుకుని తిన్నాం.

ఆ ఏడాది దీపావళి తర్వాతి ఆదివారం ఒక డాక్టరుగారింట్లో భోజనాలు. ఆయన గుండె డాక్టరు, మా ప్రాంతానికి కొత్త, ఖరీదైన కెమెరా ఉన్న మనిషి. తలొక వంటా చేసుకుని రమ్మన్నారు, మా ఆవిడ పెరుగు గారెలు చేసింది. భోజనాలయ్యాక డాక్టరుగారు కిటికీలకి దుప్పట్లు కట్టించి, గోడకి తెల్ల దుప్పటి వేలాడదీసి, స్లైడ్ ప్రొజెక్టరు పెట్టారు.

"డాక్టరుగారూ, ఇప్పుడెందుకండీ, అందరూ తిని బద్ధకంగా ఉన్నారు" అన్నారు గురువుగారు. ఆయన సోఫా చివర కూర్చుని ఉన్నారు. నేను కింద కార్పెట్ మీద, ఆయన కాళ్లకి నాలుగడుగుల దూరంలో.

"భలేవారే! మీ ప్లానింగ్ అందరూ చూడాలండీ" అన్నారు డాక్టరుగారు.

మొదటి బొమ్మ రైలు కిటికీ. కిటికీ అవతల నీళ్లు. "ఫస్ట్ వ్యూ ఆఫ్ ద లేక్! మిలాన్‌లో ఎక్కేటప్పుడే ఎడమ పక్క కూర్చోమన్నారు ఈయన. ఎలా తెలుసో!" అన్నారు డాక్టరుగారు. ఎడమ పక్క అని మ్యాపు చూసి కనిపెట్టింది నేను. రెండో బొమ్మ వరెన్నా రేవు. మూడోది బెల్లాజియో, పడవ మీంచి. మా గ్రాఫ్ పేపరు ఒక్కో గడీ గోడ మీదికి వస్తోంది. మా ఆవిడ చీకట్లో నా మోచెయ్యి పట్టుకుంది. గట్టిగా.

"డెట్రాయిట్‌లో సరస్సు చాలా బాగుంది, గురువుగారూ" అన్నాను.

గది అంతా నవ్వింది. నేనేదో జోకు వేశాననుకున్నారు. ఆయన నవ్వలేదు. చేతిలో ఉన్న కాగితం న్యాప్కిన్‌ని సగానికి మడిచి, మళ్లీ సగానికి మడిచి, విప్పి, మళ్లీ మడిచారు.

అప్పుడు లుగానో వచ్చింది. "ఇది స్విట్జర్లాండ్. బస్‌లో జస్ట్ వన్ అవర్" అన్నారు డాక్టరుగారు.

నేను చాలా మామూలుగా అడిగాను. "స్విస్ వీసా ఎక్కడ తీసుకున్నారండీ డాక్టరుగారూ?"

"వీసానా? మనకెందుకండీ వీసా? నలుగురివీ యూఎస్ పాస్‌పోర్టులేగా. బోర్డర్‌లో వాడు కవర్ చూసి చెయ్యి ఊపేశాడు."

నలుగురివీ. నాకు మొత్తం అర్థమైపోయింది. మాతో వెళితే విమానాశ్రయంలో, కౌంటరు దగ్గర, ఆయన జేబులోంచి ఏది బయటికి వస్తుందో నేను చూస్తాను. దాన్ని నాకు చూపించలేక సరస్సుని నా దగ్గర్నుంచి తీసేసుకున్నారు. తమ్ముణ్ణి ఈ దేశానికి తెప్పించుకోవడానికి సిటిజన్ అయ్యారని తర్వాత ఎవరో చెప్పారు. నాకు ముందే చెప్పి ఉంటే ఏం చేసేవాణ్ణి? ఒక నెల మాట్లాడేవాణ్ణి కాదేమో. ఆ తర్వాత మాట్లాడేవాణ్ణి.

అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. చివరి బొమ్మ మిగిలింది. నీలం పలకల వంటిల్లు. పొయ్యి ముందు అక్కయ్యగారు, పక్కన నెరిసిన జుట్టు పెద్దావిడ, ఆవిడ చేతిలో పులిహోర పళ్లెం. ఆవిడని నేను అంతకుముందు చూడలేదు, ఫోటో అడగడం మర్యాద కాదని అడగలేదు. కానీ చూడగానే తెలిసింది.

"బెస్ట్ చివరికి దాచాను" అన్నారు డాక్టరుగారు. "ఈ ఇల్లు ఎలా పట్టారో ఈయనకే తెలియాలి. మేం గేటు దగ్గర టాక్సీ దిగేసరికి ఈ ముసలావిడ రెండు చేతులూ చాపుకుని వచ్చేసిందండీ. మా నలుగుర్నీ చూసి, ఇంకెవరైనా ఉన్నారా అని మా వెనక్కి చూసింది. లెటర్స్ రాసే జెంటిల్‌మన్ ఏరీ అని అడిగింది. ఈయన టకటకా ఇటాలియన్‌లో ఏదో చెప్పారు. నాకేం అర్థం కాలేదు. ఆవిడ మాత్రం గుండె మీద చెయ్యేసుకుని, శిలువ గుర్తు చేసుకుని, 'పూర్ మాన్, పూర్ మాన్' అని కళ్లు తుడుచుకుంది. ఇంతకీ ఎవరండీ ఆ జెంటిల్‌మన్? మీ ట్రావెల్ ఏజెంటా?"

నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను.

"తెలిసినాయన" అన్నారు గురువుగారు.

దుప్పట్లు తీసేశారు. మధ్యాహ్నపు వెలుతురు లోపలికి వచ్చింది. ఎవరో టీ అన్నారు. మేం గారెల గిన్నె కూడా తీసుకోకుండా వచ్చేశాం.

ఆ శుక్రవారం ఆయన ఫోన్ చేశారు. "రేపు వస్తున్నావు కదోయ్?" అన్నారు, ఏమీ జరగనట్టు. ఏం చెబుతారో విందామని వెళ్లాను. టేబుల్ మీద కొత్త గ్రాఫ్ పేపరు ఉంది. పెన్సిళ్లు మూడూ చెక్కి వరసగా పెట్టి ఉన్నాయి. కొత్త మ్యాపు.

"ఈసారి గార్డా సరస్సు. కోమో కంటే పెద్దదోయ్, రేవులు ఎక్కువ. మనం నలుగురం. నువ్వు ఉత్తరాలు మొదలుపెట్టెయ్" అన్నారు.

"గురువుగారూ, వరెన్నాలో నా గురించి ఏం చెప్పారు?"

"రైలు సరస్సు పక్కనే ఆగుతుంది. టాక్సీ అక్కర్లేదు."

"ఆవిడకి నా గురించి ఏం చెప్పారు?"

ఆయన నీలం పెన్సిల్ తీసుకుని, చెక్కి ఉన్నదాన్నే మళ్లీ చెక్కడం మొదలుపెట్టారు. మూడోసారి అడిగాను. అక్కయ్యగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి, నా మొహమూ ఆయన మొహమూ చూసి, "ఉప్మా చల్లారిపోతోంది" అన్నారు. నేను మ్యాపు అందుకుని, తలకిందులుగా, అడ్డదిడ్డంగా మడిచి టేబుల్ మీద పెట్టి లేచాను. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూస్తే ఆయన దాన్ని విప్పి, అరచేత్తో సాపు చేస్తున్నారు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "పోనీ వెళ్లిపోదురూ గార్డాకి. ఆయన అడగలేక అడుగుతున్నాడు" అంది. నాకు క్షమాపణ మ్యాపు రూపంలో అక్కర్లేదు అన్నాను. ఆవిడ, "మీకు ఏ రూపంలో అయినా అక్కర్లేదు, అసలు సంగతి అదీ" అంది. ఆవిడ మాట కూడా ఇక్కడ రాస్తున్నాను, నాకు ఎదురైన మాట దాచానని ఎవరూ అనకుండా.

ఆ క్రిస్మస్‌కి వరెన్నా నుంచి కార్డు రాలేదు. తర్వాతి ఏడాదీ రాలేదు. నేనే రాద్దామని కాగితం తీసుకున్నాను. ఏమని మొదలుపెట్టాలి? నేను బతికే ఉన్నాను అనా? ఆయన నన్ను చంపకుండా మంచాన పడేశారేమో? పిచ్చాసుపత్రిలో చేర్పించారేమో? ఏం చెప్పారో తెలియకుండా దాన్ని ఎలా ఖండించను? మూడు నాలుగుసార్లు ప్రియమైన అని రాసి ఆపేశాను. ప్రయాణం పోతే పోయింది, పాస్‌పోర్టు సంగతి ఆయన ఇష్టం. కానీ ఆ పెద్దావిడ ఉత్తరాలు నావి. అవి ఆయన తీసేసుకున్నారు.

ఆ తర్వాత ఆరేళ్లు ఆఫీసులోనో గుడిలోనో ఎదురుపడితే ఇద్దరం నమస్కారాలు పెట్టుకున్నాం. మళ్లీ మొదటికే వచ్చాం. ఒక్కసారి మాత్రం, చెప్పుల దగ్గర, ఆయన ఆగి, "బాగున్నావా ఓయ్?" అన్నారు. నేను, "వరెన్నాలో ఏం చెప్పారు?" అన్నాను. ఆయన చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. అదే మా చివరి సంభాషణ. ఒకరోజు లాబ్‌లో పని చేస్తూ చేస్తూ కుర్చీలో ఒరిగిపోయారు.

పదమూడో రోజు అయ్యాక, జనం పల్చబడ్డాక, అక్కయ్యగారి దగ్గర కూర్చున్నాను. అడిగాను.

"ఇప్పుడెందుకు తమ్ముడూ అవన్నీ? ఆయనే పోయాక" అన్నారు.

"ఆయన పోయారనే అడుగుతున్నాను అక్కయ్యగారూ. ఇక మీరొక్కరే ఉన్నారు."

ఆవిడ కొంగు సర్దుకుని నా వైపు తిరిగారు. చెబుతారనుకున్నాను. లోపల్నుంచి ఎవరో పిలిచారు, లేచి వెళ్లిపోయారు. రెండు నెలల్లో రెండుసార్లు ఫోన్ చేశాను, ఆవిడ పడుకున్నారని ఎవరో చెప్పారు.

అక్కయ్యగారూ, ఈ పత్రిక మీ ఇంటికి వస్తుంది, మీరు చివరి పేజీ దాకా చదువుతారు. ఆ గేటు దగ్గర మీరు ఆయన పక్కనే నిలబడి ఉన్నారు. డాక్టరుగారికి ఇటాలియన్ రాదు, మీకు ఆయనకంటే బాగా వచ్చు. తప్పు పలికితే సరిదిద్దేవారు, ఆ రోజు మాత్రం సరిదిద్దలేదు. నేను చచ్చిపోయానని చెప్పారు, అంతేనా? అయితే ఏ జబ్బుతో పోయాను? ఎన్నాళ్లయిందన్నారు? నన్ను ఆవిడకి ఎవరినని చెప్పారు, తెలిసినాయన అనేనా, స్నేహితుడనా? వీటికి మీరు జవాబు చెప్పకపోయినా సర్దుకుంటాను. ఒక్కదానికి మాత్రం చెప్పి తీరాలి, ఫోన్‌లోనైనా, ఉత్తరంలోనైనా, ఈ పత్రికలోనైనా. నేను పోయానని ఆవిడతో చెబుతున్నప్పుడు ఆయన గొంతు వణికిందా, లేదా?